మంజీర సీమలో మిషన్ చరిత్ర – 9: నొప్పి తెలియని రోగం

"ఏం పాపం జేసుకున్నడో, గిట్లయిండు." మంజీర ఒడ్డు పల్లెల్లో ఒకప్పుడు పెద్దరోగం వచ్చిన మనిషిని చూసి జనం అనే మాట ఇది. కుష్ఠు అని పేరు పెట్టి పిలవడానికి కూడా నోరు రాదు. పెద్దరోగం అనేవారు, మహారోగం అనేవారు. చెవి తమ్మెలు ఉబ్బి, కనుబొమల వెంట్రుకలు రాలి, వేళ్లు వంకర తిరిగిన మనిషి ఊరి బావి దగ్గరికి రాకూడదు. పెళ్లికి పిలుపు ఉండదు. ఊరవతల చెట్టు కిందో, పాడుబడ్డ గుడిసెలోనో బతుకు. అన్నం పెట్టే తల్లి కూడా దూరంగా పెట్టి వెనక్కి జరగాల్సిందే.

రెండు వేల ఏళ్ల కిందట యెరూషలేంలోనూ ఇదే ప్రశ్న వినిపించింది. పుట్టు గుడ్డివాడొకడు దారిపక్కన కూర్చుని ఉంటే శిష్యులు యేసును అడుగుతారు: ఈ పాపం ఎవరిది, ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలోని ఘట్టమిది. యేసు ఆ రెండింటినీ కాదంటాడు. ఆ తర్వాత చేసిన పనే ఈ వారం కథకు మూలం. నేల మీద ఉమ్మి, ఆ బురదను చేత్తో తీసి గుడ్డివాడి కళ్లకు పూశాడు. పాపపు ఫలమని జనం అనుకున్న మనిషిని ముట్టుకున్నాడు.

గత వారం మెదక్ చర్చి గురించి చెప్పుకున్నాం. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పని ఇచ్చి, కూలికి గింజలు కొలిచి కట్టించిన గుడి అది. 1914లో మొదలైన పని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠతో ముగిసింది. మన బాన్సువాడకు ఆగ్నేయంగా ఆ గుడి ఉంటే, ఈశాన్యంగా నిజామాబాద్–హైదరాబాద్ రోడ్డు మీద డిచ్‌పల్లి ఉంది. బాన్సువాడ జనం వర్ని మీదుగా నిజామాబాద్ చేరి, అక్కడ బస్సు మారితే దగ్గరే. ఈనాటి కుర్రవాళ్లకు డిచ్‌పల్లి అంటే తెలంగాణ విశ్వవిద్యాలయం. భక్తులకు గుట్ట మీది రామాలయం, దాని రాతి శిల్పాలు. వాళ్ల తాతల కాలంలో మాత్రం డిచ్‌పల్లి పేరు చెబితే గుర్తొచ్చేది ఒక్కటే, పెద్దరోగం దవాఖానా.

ఆ దవాఖానా పునాదిలో ముందుగా చెప్పుకోవలసింది ఒక స్త్రీ పేరు. ఇసబెల్ గన్ 1875లో స్కాట్లండ్ ఈశాన్య తీరంలో పుట్టింది. ఆడవాళ్లను వైద్య కళాశాలల్లోకి రానివ్వడమే అప్పటికి కొత్త. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో డాక్టర్ పట్టా తీసుకుంది. అదే ఏడాది జార్జ్ కెర్ అనే పాదిరిని పెళ్లాడింది. 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున భార్యాభర్తలిద్దరూ నిజాం రాజ్యానికి వచ్చి నిజామాబాద్‌లో దిగారు. జనం ఇంకా ఇందూరు అని కూడా పిలుచుకునే ఊరు. రైలు వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. నిజాంసాగర్ ఇంకా కట్టలేదు, మంజీర నీళ్లు తమ దారిన తాము పోయేవి.

డాక్టరమ్మ దవాఖానా తెరిచింది. జ్వరాలు, కాన్పులు, పుళ్లు, పాము కాట్లు, అన్నీ అక్కడికే వచ్చేవి. వాటితో పాటు ఆమె చదివిన చదువు జవాబు చెప్పలేని రోగులు కూడా వచ్చారు. వచ్చి లోపలికి అడుగు పెట్టలేక బయటే నిలబడేవాళ్లు. 1911లో వాళ్ల కోసం ఒక చిన్న ఆశ్రయం మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే అది చాలని పరిస్థితి. అప్పుడు చేయి సాచి నిలబడిన మనిషి క్రైస్తవుడు కాడు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన ఇచ్చిన డబ్బుతో 1915లో డిచ్‌పల్లిలో కొత్త ఆస్పత్రి వెలిసింది. రాజ్యం ముస్లిం ప్రభువుది, సొమ్ము హిందువుది, సేవ క్రైస్తవులది. మంజీర సీమ చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో రాసుకోవాలి. నర్సాగౌడ్ పేరు ఈ తరానికి తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

ఆ ఆస్పత్రి పేరు విక్టోరియా ట్రీట్‌మెంట్ హాస్పిటల్. ఇందులో ట్రీట్‌మెంట్ అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఆ రోజుల్లో దేశమంతటా కుష్ఠు రోగులకు ఉన్నవి అసైలంలు. అంటే తలదాచుకునే చోట్లు. కూడు, గుడ్డ, ప్రార్థన దొరికేవి, చివరికి అక్కడే సమాధి. ఆ చోట్లలో పనిచేసినవాళ్ల దయను తక్కువ చేయలేం. 1874లో కుష్ఠు రోగుల మిషన్ పెట్టిన వెల్లెస్లీ బెయిలీ దగ్గర నుంచి ఎందరో ఆ పనికి జీవితాలు ధారపోశారు. కానీ అసైలం గడప దాటి లోపలికి పోయినవాడు మళ్లీ బయటికి వస్తాడన్న ఆశ ఎవరికీ లేదు. డిచ్‌పల్లి తలుపు మీద చికిత్స అన్న మాట రాసిపెట్టడం, వచ్చినవాళ్లను తిరిగి ఇంటికి పంపుతామని పందెం కాయడం లాంటిదే.

ఆ పందానికి ఆధారమైన మందు మన అడవిదే. పడమటి కనుమల్లో పెరిగే చెట్టు గింజల నూనె. సంస్కృతంలో తువరకం అంటారు, సుశ్రుతుడికీ తెలుసు. దాన్ని తాగిస్తే కడుపులో తిప్పి వాంతయ్యేది, నాలుగు రోజులకే రోగి చేతులెత్తేసేవాడు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్, ఆ నూనెనూ దాని లవణాలనూ సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. ఇసబెల్ కెర్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది. చిక్కటి నూనె. మచ్చ ఉన్నచోట చర్మంలోకే మళ్లీ మళ్లీ పొడవాలి. ఒకసారితో పోదు, వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు. రోగం తొలి దశలో ఉన్నవాళ్లకు మేలు కనిపించేది, ముదిరినవాళ్లకు అంతంత మాత్రమే. అయినా మచ్చ మానిన మనిషిని వెనక్కి ఊరికి పంపడం అనే మాట అప్పటిదాకా ఎవరూ విని ఉండలేదు. 1923లో ఆమెకు కైసర్–ఎ–హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె చనిపోయింది. ఇరవై ఐదేళ్లు ఈ నేల మీదే గడిపింది.

ఇక్కడ ఆ రోగం సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. చూడకపోతే బాధ అన్న మాటకు అర్థమే పూర్తిగా తెలియదు.

కుష్ఠును పరీక్షించే తీరు ఇలా ఉంటుంది. ఆరోగ్య కార్యకర్త రోగిని వెలుతురులో కూర్చోబెట్టి ఒంటి మీద చుట్టూ ఉన్న చర్మం కన్నా పాలిపోయిన, లేదా ఎర్రబారిన మచ్చ ఉందేమో వెతుకుతారు. దొరికాక కళ్లు మూసుకొమ్మంటారు. దూది పోగునో, పెన్ను మొననో ముందు మంచి చర్మం మీద తాకిస్తారు, రోగి వేలుపెట్టి చూపిస్తాడు. మళ్లీ ఇంకోచోట, మళ్లీ చూపిస్తాడు. మూడోసారి మచ్చ మీద తాకిస్తారు. వేలు కదలదు. మళ్లీ తాకిస్తారు. కదలదు. ఎప్పుడు తాకిస్తారా అని కళ్లు మూసుకుని ఎదురుచూస్తూనే ఉంటాడు. ఆ నిశ్శబ్దమే రోగ నిర్ధారణ.

కుష్ఠులో అసలు విషాదం నొప్పి ఉండటం కాదని లోకానికి గట్టిగా చెప్పినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట 1914లో పుట్టాడు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠు రోగుల వంకర వేళ్లకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. వేళ్లు కుళ్లి రాలిపోతాయన్న నమ్మకం అప్పట్లో డాక్టర్లలోనూ ఉండేది. ఆయన ఒక్కొక్క పుండు వెనక కారణం వెతికాడు. కాలే గిన్నెను పట్టుకున్నా చేయి వెనక్కి రాదు. చెప్పులో మేకు గుచ్చుకున్నా కాలు ఆగదు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాదు. ఎలుకల బెడద తెలిశాక ఇంటికి వెళ్లే రోగులకు ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపారు. కుష్ఠు క్రిమి నరాలను చంపుతుంది, వేళ్లను పోగొట్టేది నొప్పి తెలియకపోవడం. నొప్పి ఎవరికీ అక్కర్లేని వరం అనే అర్థంలో 1993లో ఆయన పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు.

దేవుడుంటే బాధ ఎందుకు అని అడిగేవాళ్లకు బ్రాండ్ మాట సగం జవాబు. శరీరానికి నొప్పి కాపలాదారు అని ఒప్పుకోవచ్చు. మరి పిల్లల ఆకలి ఏ కాపలా? ఊరవతలి గుడిసెలో ఒంటరిగా చచ్చిపోవడం ఏ హెచ్చరిక? ఆ మిగతా సగానికి జవాబు క్రైస్తవ వేదాంతంలోనూ తేలిగ్గా దొరకదు. దొరికిందని చెప్పేవాళ్లను బైబిలే నమ్మొద్దంటుంది. యోబు గ్రంథమంతా ఆ సంగతే. ఒళ్లంతా పుళ్లతో బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్న మనిషి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చుంటారు. అంతవరకూ బాగుంది. ఆ తర్వాత నోరు తెరిచి నీ పాపమే ఇది అని వాదించడం మొదలుపెడతారు. గ్రంథం చివర దేవుడు కోప్పడేది యోబు మీద కాదు, ఆ వాదించినవాళ్ల మీద.

అయితే క్రైస్తవ సమాజమూ ఆ స్నేహితుల పని చాలాకాలం చేసింది. ఈ సంగతి దాచిపెడితే చరిత్ర కాదు. లేవీయకాండంలో హీబ్రూలో 'త్సారాత్' అనే మాట ఉంది. అది మనిషి చర్మానికే కాదు, బట్టకూ ఇంటి గోడకూ పట్టే మచ్చలకు కూడా వాడిన మాట. ఇప్పుడు మనం కుష్ఠు అంటున్న జబ్బు అదే అని చెప్పడానికి ఆధారం లేదు. గ్రీకులోకి వెళ్లినప్పుడు అది 'లెప్ర' అయింది, తెలుగులోకి వచ్చేసరికి కుష్ఠు అయింది. దాంతో అపవిత్రుడు, పాళెం వెలుపల ఉండవలసినవాడు అన్న ముద్రలన్నీ ఈ జబ్బు నెత్తిన పడ్డాయి. మధ్యయుగాల యూరప్‌లో కొన్నిచోట్ల కుష్ఠు రోగిని బతికుండగానే చనిపోయినవాడిగా లెక్కగట్టి, గుడిలో ప్రార్థన చదివి ఊరి బయటికి సాగనంపేవారు. ఇంకోవైపు, లాటిన్ బైబిల్ తయారుచేసిన జెరోమ్, యెషయా ప్రవచనంలోని బాధామయ సేవకుణ్ని కుష్ఠు రోగితో పోల్చే మాట వాడాడు. ఆ సేవకుడు క్రీస్తే అని నమ్మినవాళ్లకు కుష్ఠు రోగి ముఖంలో క్రీస్తు కనిపించాడు. అదే గ్రంథం ఒకరి చేత వెలివేయించింది, ఇంకొకరి చేత పాదాలు కడిగించింది. ఏది చదివామన్నదానికన్నా ఎలా చదివామన్నదే మనుషుల తలరాత మార్చింది.

1873 అనే ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి. నార్వేలో హాన్సెన్ అనే డాక్టర్ సూక్ష్మదర్శినిలో కుష్ఠు క్రిమిని చూసింది ఆ ఏడే. బెల్జియం నుంచి వచ్చిన ఫాదర్ డేమియన్ హవాయిలోని మొలొకాయ్ దీవిలో రోగుల మధ్య కాపురానికి దిగిందీ ఆ ఏడే. పాపం వల్ల కాదు, పురుగు వల్ల అని ఒకరు తేల్చారు. ఏదైనా సరే, వీళ్ల పక్కన ఎవరో ఒకరు ఉండాలి అని ఇంకొకరు వెళ్లారు. డేమియన్‌కు ఆ జబ్బే సోకి 1889లో పోయాడు. డిచ్‌పల్లికి ఈ రెండు దారులూ వచ్చి కలిశాయి. ఇసబెల్ చేతిలో సూది ఉంది, జార్జ్ చేతిలో వేదపుస్తకం ఉంది.

బాధలో ఉన్నవాడికి సువార్త చెప్పడం న్యాయమేనా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. ఆనాడూ అడిగారు, ఈనాడూ అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి తెలుగు నేలలో ఒంగోలు ఒక పాత ఉదాహరణ. 1876–78 కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని, వేలమంది మాదిగలకు, ఇతర పేదలకు పని ఇచ్చాడు. కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతమంది ఎందుకు వచ్చారన్నదానికి కరువు ఒక్కటే జవాబు కాదు. తమను మనుషులుగా చూసి పేరు పెట్టి పిలిచిన చోటికి వెళ్లారు. మెదక్ చుట్టుపక్కల మాల మాదిగ పల్లెల కథా అంతే. పెద్దరోగం వచ్చిన అగ్రవర్ణం మనిషి జీవితంలో తొలిసారి అంటరానితనం రుచి చూస్తే, ఆ పల్లెలవాళ్లు పుట్టుకతోనే దాన్ని మోశారు. ఈ రెండు వెలివేతలనూ ఒకే జబ్బుగా చూడగలిగిన మిషనరీలు గొప్ప పని చేశారు. చూడలేకపోయినవాళ్లు మందులు పంచి ఊరుకున్నారు.

డిచ్‌పల్లి కథ డిచ్‌పల్లిలో ఆగలేదు. 1920లలో అక్కడికి జాన్ లో అనే యువ వైద్యుడు వచ్చాడు. రోగులను చూస్తూనే పరిశోధన పత్రాలు రాశాడు. తర్వాత కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో కుష్ఠు పరిశోధనకు వెళ్లాడు. అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా, ఉజువాకోలి. అప్పటికి నూనె సూదుల కాలం పోయింది. 1941లో అమెరికాలోని కార్విల్‌లో సల్ఫోన్ మందులు పనిచేస్తాయని తేలింది. వాటి అసలు దినుసు డాప్సోన్. మోతాదు మించితే ప్రాణానికే ముప్పని భయం. మద్రాసు దగ్గర చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ దాన్ని సూదిమందుగా ఇచ్చి చూశాడు. జాన్ లో చిన్న మోతాదులో మాత్రగా మింగించి చూశాడు. పనిచేసింది. పేద దేశాలకు కావలసింది అదే. చౌకగా దొరకాలి, ఊళ్లోనే ఉండి మింగగలగాలి. నిజామాబాద్ జిల్లా రోగుల దగ్గర మొదటి పాఠాలు నేర్చుకున్న మనిషి, ప్రపంచంలో లక్షలమంది నోట్లో పడిన మాత్రకు దారి వేశాడు.

1955లో భారత ప్రభుత్వం జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. డాప్సోన్ ఒక్కదానికే క్రిమి లొంగడం మానేశాక, దానితో రిఫాంపిసిన్, క్లోఫజిమిన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స 1980లలో వచ్చింది. జబ్బు తీరును బట్టి ఆరు నెలలో, ఏడాదో. ఆ తర్వాత జబ్బు పోయినట్టే. మొదటి మోతాదులు పడగానే రోగి నుంచి ఇంకొకరికి సోకే ప్రమాదం దాదాపు పోతుంది. 2005 డిసెంబర్ నాటికి దేశంలో పదివేల మందికి ఒక్క కేసు కన్నా తక్కువకు దిగింది. బ్రిటిష్ వాళ్ల కాలపు 1898 కుష్ఠు చట్టాన్ని 2016లో రద్దు చేశారు.

చట్టాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పి తీరాలి. క్రైస్తవుల విడాకుల చట్టాన్ని 2001లో సవరించారు. విడాకులకు కారణాల జాబితాలో నయంకాని కుష్ఠును కూడా చేర్చారు. అప్పటికి బహుళ ఔషధ చికిత్స వచ్చి దాదాపు రెండు దశాబ్దాలు. డేమియన్‌ను, ఇసబెల్ కెర్‌ను కన్న సమాజం పేరుతో ఉన్న చట్టంలో ఆ వాక్యం కొత్తగా చేరడం దారుణం. హిందూ వివాహ చట్టంలోనూ, ఇతర వైవాహిక చట్టాల్లోనూ అదే నిబంధన ఉండేది. 2019లో పార్లమెంటు వీటన్నిటి నుంచి దాన్ని తీసేసింది. పద్దెనిమిదేళ్లు పట్టింది.

చివరగా మళ్లీ మెదక్ గుడికి వద్దాం. అందులో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. మూడింటి చిత్రకారుడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ. క్రీస్తు పరలోకానికి ఎక్కే దృశ్యం 1927లో పెట్టారు. పుట్టుక 1947లో. సిలువ మరణం అన్నిటికన్నా చివర, 1958లో. ఎండ ఉన్నప్పుడే ఆ రంగులు వెలుగుతాయి, పొద్దు గూకితే నల్లటి అద్దాలే. బాన్సువాడ వైపు నుంచి క్రిస్మస్‌కు వెళ్లేవాళ్లు పగటిపూట చేరుకునేలా బయల్దేరి, సిలువ కిటికీ ముందు కాసేపు నిలబడితే మంచిది. బాధ ఎందుకు అన్నదానికి అక్కడ వివరణ ఏదీ రాసి ఉండదు. దేవుడే బాధపడుతున్న బొమ్మ ఉంటుంది. డిచ్‌పల్లికి వెళ్లినవాళ్లు నమ్మింది ఆ బొమ్మనే. నమ్మి వాదించలేదు, పుండు కడిగారు. క్రైస్తవ విశ్వాసం బాధ గురించి మంజీర సీమలో చెప్పిన మాటల్లో నిలిచింది ఇదొక్కటే అని ఈ వ్యాసకర్త తీర్పు.

దేశంలో ఇప్పటికీ ఏటా లక్ష దాకా కొత్త కుష్ఠు కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా ఇక్కడే. క్రిమి ఒంట్లో చేరిన అయిదేళ్లకో, ఒక్కోసారి ఇరవై ఏళ్లకో మచ్చ తేలుతుంది. అది దురద పెట్టదు, నొప్పి పుట్టదు కాబట్టే జనం పట్టించుకోరు. ఇది చదివినవాళ్లు ఈ ఆదివారం ఇంట్లో అందరి వీపులూ, చేతులూ, తొడలూ వెలుతురులో ఒకసారి చూడండి. పాలిపోయిన మచ్చ మీద దూది తాకించి చూడండి. తెలియలేదంటే వెంటనే దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి, లేదా ఆశా కార్యకర్తకు చెప్పండి. మందు ఉచితం. ఎవరి పాపమని ఎవరినీ అడగకండి.